పైలట్ సాబ్‌కు పిడికెడు మట్టి

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకొని వచ్చి, పోచన్న వండిన పప్పుచారుతో కడుపునిండా అన్నం తిని, "ఒక్క కునుకు తీస్త" అని షెడ్డులో పోచన్న చాప మీదే ఒరిగిన పైలట్ సాబ్ మళ్లీ లేవలేదు.

సాయంత్రం అసర్ అజాన్ వినపడితే ఎవరూ తట్టి లేపనక్కర్లేని మనిషి. ఆ రోజు అజాన్ అయిపోయి, మసీదుకు పోయినవాళ్లు తిరిగి వస్తున్నా కదల్లేదు. పోచన్న వెళ్లి పాదం మీద చెయ్యేసి, "సారూ, నమాజు యాళ్ల దాటిపోతున్నది" అన్నాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఉంచి హన్మాండ్లు వైపు చూశాడు. హన్మాండ్లు పరుగున ముందు గదిలోకి వెళ్లి హయాత్ బాషాను పిలుచుకొచ్చాడు.

హయాత్ బాషా నాడి చూశాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఇన్నాలిల్లాహి..." అని మొదలుపెట్టాడు. ఆ మాట పూర్తి కాకముందే అతని బుర్ర లెక్కలోకి దిగిపోయింది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో అతనిది పాత లారీల విడిభాగాల యార్డు. ప్రొద్దుటూరులో మెకానిక్‌గా మొదలుపెట్టి, ఇక్కడికొచ్చి, ఒక అరబ్బు పేరు మీద లైసెన్సు తీసి నిలబెట్టుకున్న వ్యాపారం. దెబ్బతిన్న లారీ చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, ఏది అమ్ముడుపోతుందో, ఏది తుక్కు కింద తూకానికి పోతుందో చెప్పేసేవాడు. మనుషుల్నీ అదే చూపుతో చూసేవాడు. ఇప్పుడు చాప మీద ఉన్న మనిషిని, చుట్టూ నిలబడ్డ నలుగురినీ అలాగే చూశాడు.

ఆ నలుగురికీ కాగితాల్లేవు. కల్బాలో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తూ, పాస్‌పోర్టులు వీసా ఇచ్చిన కఫీల్ బీరువాలోనే వదిలేసి పారిపోయి వచ్చినవాళ్లు. గల్ఫ్ భాషలో ఖల్లివల్లిలు. ఇక్కడొక మనిషి పోయాడంటే షుర్తావాళ్లు, అంటే పోలీసులు, వస్తారు. వస్తే మొదట అడిగేది వీళ్ల కాగితాలే. నలుగురూ జైలుకు, అక్కడినుంచి ఊరికి. వీళ్లను దాచినవాడికీ అదే దోవ. యార్డుకు తాళం.

"ఆస్పత్రికి కొంచవోదాం సేటూ" అన్నాడు పోచన్న.

"కొంచబోయి ఏం చెప్తావప్పా? యాడ పోయినాడంటే?"

"ఈడ్నే అని చెప్త."

"ఈడంటే ఎవురి చాప? నువ్వెవురు? బతాకా కార్డు చూపీమంటే ఏం చూపిస్తావు, నీ తలకాయా?"

పోచన్న తల దించుకున్నాడు. చివరకు హన్మాండ్లు గొంతు తగ్గించి అన్నాడు: "సారు కారు బయట్నే ఉన్నది గద. అండ్ల కూసోవెడితె? తొవ్వల పానం పోయినట్టు..."

"ఛీ, నోర్ముయ్యి" అన్నాడు పోచన్న.

హయాత్ బాషా మాత్రం నోరు మూసుకోమనలేదు. ఆలోచించాడు. పోయినవాడికి కొత్తగా పోయేదేమీ లేదు. ఉన్నవాళ్లకు పోయేది చాలా ఉంది. మసీదు దగ్గర రోడ్డు పక్కన కారు ఆపితే మగ్రిబ్ నమాజుకు వచ్చేవాళ్లు చూస్తారు, చూసినవాళ్లు చెబుతారు, రేపటికల్లా గోరీలో దఫన్ అయిపోతుంది. ఎటు చూసినా నష్టం లేని బేరంగానే కనిపించింది.

"యల్లా, పట్టండి" అన్నాడు.

ఆరడుగుల మనిషి. నలుగురూ పట్టినా బరువే. పోచన్న ఏడుస్తూనే ఆయన కాలరు సరిచేసి, దువ్వెన తెచ్చి తల దువ్వాడు. హయాత్ బాషా కారు నడిపాడు. హన్మాండ్లు వెనక సీట్లో కూర్చుని, ముందు సీట్లో ఉన్న సారు భుజాలు రెండు చేతులా పట్టుకున్నాడు. విమానాశ్రయం రోడ్డు మీద, మసీదుకు కాస్త ఇవతల ఆపి, ఆయన్ని స్టీరింగు ముందుకు జరిపారు. అప్పుడే నెత్తి మీదుగా ఒక విమానం లేచింది. బతికుంటే తల ఎత్తకుండానే, చప్పుడు విని అది ఏ రకమో చెప్పేవాడు. హయాత్ బాషా ఆ విమానం వైపు చూడలేదు. హన్మాండ్లును రెక్క పట్టి లాక్కుని, ఎదురుగా వచ్చిన టాక్సీ ఎక్కాడు.

*

పైలట్ సాబ్ అసలు పేరు హబీబుల్లా. హైదరాబాదు శాలిబండ మనిషి. మన వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరుగా చేసి రిటైరై, షార్జా విమానాశ్రయంలో ఒక కార్గో ఆఫీసులో సరుకు ఎక్కించే పనికి సూపర్‌వైజరుగా చేరాడు. అది ఆయన ఉద్యోగం. పని అంతకంటే పెద్దది. ఎవరి కాలు విరిగినా, ఎవరిని జైల్లో వేసినా, ఏ క్యాంపులో ఎవరు కన్నుమూసినా కబురు ఆయనకే వెళ్లేది. ఇస్త్రీ చొక్కా, మెరిసే నల్ల బూట్లు వేసుకుని వచ్చేవాడు. ఆఫీసుల్లో అరిచేవాడు కాదు, బతిమాలేవాడు కాదు. పని అయ్యేదాకా నిలబడేవాడు. కూర్చోమంటే, "నేను కూసుంటే నువ్వు మర్సిపోతవ్ భాయ్" అనేవాడు.

నాలుగేళ్ల కిందట మొదటిసారి హయాత్ బాషా యార్డుకు వచ్చినప్పుడు కూడా అలాగే నిలబడ్డాడు. కొట్టు నిండా గిరాకీ. "సేటూ, నీ పికప్పు గావాలె. ఒక పెట్టె ఎయిర్‌పోర్టుకు తీస్కవోవాలె" అన్నాడు.

"పెట్టెలో ఏముండాది?"

"నీ అసుంటోడే. ఇయ్యాల పొద్దుగాల్ల దాంక నడిసిండు."

అంతమంది ముందు కాదనలేక ఇచ్చాడు. ఇచ్చి, ఈ మనిషి నష్టం ఖాతా అనుకున్నాడు. కానీ నెల తిరిగేసరికి, పైలట్ సాబ్ తెలిసిన డ్రైవర్లంతా విడిభాగాలకు అతని కొట్టుకే రావడం మొదలుపెట్టారు. హయాత్ బాషా ఆయన్ని ఆ ఖాతాలోంచి లాభం ఖాతాలోకి మార్చుకున్నాడు. అప్పటినుంచి పికప్పు అడిగితే తాళాలు ముందే బల్ల మీద పెట్టేవాడు.

పోచన్నను తీసుకొచ్చిందీ ఆయనే. కల్బాలో కట్టుడు పనిలో పరంజి మీదనుంచి పడి పోచన్న తమ్ముడు హన్మంతు చనిపోయాడు. శవాన్ని తీసిన మధ్యాహ్నమే మిగతావాళ్లను మళ్లీ అదే పరంజి ఎక్కించారు. హన్మంతును ఊరికి పంపే పని మీద పోయిన పైలట్ సాబ్, పోచన్నను కూడా శవంతో పంపమని కఫీల్‌ను అడిగాడు. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వలేదు. పెట్టె విమానం ఎక్కేదాకా పోచన్న ఎయిర్‌పోర్టులో నిలబడి చూశాడు. తర్వాత కారులో కూర్చుని, "సారూ, నేనింక ఆడికి వోను. సంపినా వోను" అన్నాడు. మరో వారానికి హన్మాండ్లూ, ఇంకో ఇద్దరూ వచ్చి చేరారు.

"సేటూ, మనుషులు దొర్కుతలేరని మొత్తుకుంటవ్ గద. ఇగో" అన్నాడు పైలట్ సాబ్.

హయాత్ బాషా చూశాడు. ఇంకెక్కడికీ పోలేని మనుషులు. ఎదురు చెప్పరు, ఎక్కువ అడగరు. సరేనన్నాడు.

"నీ మొకం జూస్తే దెలుస్తున్నది, లాభం లెక్కేస్కున్నవ్" అని పైలట్ సాబ్ నవ్వాడు. "ఏస్కో. గని కడుపు నిండ తిండి వెట్టు."

అప్పటినుంచి శుక్రవారాలు ఆయన కల్బాకు పోయి కఫీల్ వాకిట్లో నిలబడేవాడు, లేదా షెడ్డులో వీళ్లతో కూర్చుని అన్నం తినేవాడు. ఒకసారి తిన్నాక, తను నడిపిన డకోటా విమానం సంగతి చెప్పాడు. ఈశాన్యపు కొండల్లో సైనికుల చౌకీలకు బియ్యం, ఉప్పు విమానంలోంచి జారవిడవడం ఆయన పని. కింద తెల్లగుడ్డ పరిచిన చోటికి గురి చూసి, గంట కొడితే వెనకవాళ్లు బస్తాలు తోసేవాళ్లు. ఒక చలికాలం లోయంతా మబ్బు. గుడ్డ కనిపించినట్టే అనిపించి గంట కొట్టాడు. తర్వాత చాన్నాళ్లకు ఆ చౌకీనుంచి దిగివచ్చిన సిపాయి ఒకడు మెస్‌లో కనపడి, కోపం లేకుండా చెప్పాడు. బస్తాలన్నీ కింద ఏట్లో పడుతుంటే మేం పైనుంచి చూస్తూ నిలబడ్డాం సాబ్, అని.

"గప్పటిసంది చేతికి అందిందని కండ్లతోని జూస్తెనే ఇచ్చినట్టు అనుకుంట" అన్నాడు. "లేకుంటె పారేసినట్టే."

ఆ చివరి శుక్రవారం ఆయన షెడ్డుకు వచ్చింది శుభవార్తతో. కఫీల్ మెత్తబడ్డాడు. వచ్చేవారం రమ్మన్నాడు, నలుగురి పాస్‌పోర్టులూ ఇస్తాడు. కానీ ఈయన చేతికే ఇస్తాడు, ఇంకెవరొచ్చినా ఇవ్వనని తేల్చి చెప్పాడు. ఆ సంతోషానికే పోచన్న పప్పుచారు కాచాడు.

*

శనివారం పొద్దున హయాత్ బాషా ఏమీ ఎరగనట్టు షుర్తా ఆఫీసుకు వెళ్లాడు. తెలిసినవాణ్ని, మా మతంవాడు, దఫన్‌కు శవాన్ని ఇప్పించండి అన్నాడు. అక్కడి అధికారి నడివయసువాడు, హిందీ బాగానే మాట్లాడతాడు. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు.

"హబీబుల్లా నాకూ తెలుసు. మంచి మనిషి" అన్నాడు. "ఒక్కటి చెప్పు సేట్. ఈ ఎండలో వట్టి కాళ్లతో ఎవడైనా కారు నడుపుతాడా? కారంతా వెతికాం. ఆయన బూట్లు ఏవి?"

హయాత్ బాషా చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. ఎవరి గదికి పోయినా గుమ్మం బయట బూట్లు విప్పి, రెండూ పక్కపక్కన పెట్టి లోపలికి రావడం ఆయన అలవాటు. షెడ్డులో వాళ్లందరిదీ అదే అలవాటు. ఆయన్ని ఎత్తుకుని బయటికి వస్తూ అందరూ ఆ బూట్ల మీదుగానే దాటారు. చచ్చిన మనిషికి బూట్లు తొడగాలని ఎవరికి తోస్తుంది? కాలరు సరిచేశారు, తల దువ్వారు. కాళ్ల వైపు ఎవరూ చూడలేదు.

"తెలీదు సాబ్" అన్నాడు.

"ఎవరో దోచుకున్నారేమో. చంపారేమో. తేలేదాకా శవం ఇవ్వలేం" అన్నాడు అధికారి, చాయ్ గ్లాసు పక్కకు జరుపుతూ.

బయటపడ్డాక హయాత్ బాషా తిరగని చోటు లేదు. లైసెన్సు ఇచ్చిన అరబ్బు దగ్గరికి పోతే, నా పేరు ఎక్కడా చెప్పకు అన్నాడు. కార్గో ఆఫీసును నడిపే ముదీర్ కళ్లు తుడుచుకున్నాడు గానీ, పోలీసు కాగితం లేకుండా మేమేం చేస్తాం అన్నాడు. దరఖాస్తులు టైపు చేసే మలయాళీ, ఇట్లాంటివి ఎలా రాయాలో హబీబుల్లా సాబే చెప్పేవారు, నేను కొట్టిపెట్టేవాణ్ని అన్నాడు. ఎక్కడ ఏ తలుపు తట్టాలో, ఎవరితో ఏ మాట అనాలో తెలిసిన మనిషి ఒక్కడే. హయాత్ బాషా ఇన్నేళ్లూ పికప్పు ఇచ్చి, గేటు బయటే కూర్చుని బీడీ కాల్చుకున్నాడు. లోపల ఏం జరుగుతుందో ఒక్కసారీ చూడలేదు.

చివరకు ఆస్పత్రి శవాల గది దగ్గరికి వెళ్లాడు. అక్కడి గుమాస్తా పాకిస్తానీ. కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "నీ ఒక్కడివల్ల అయ్యే పని కాదు భాయ్. హబీబుల్లా సాబ్‌ను తీసుకురా. ఆయనొస్తే చిటికెలో అయిపోతుంది" అన్నాడు.

హయాత్ బాషా కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం, ఊళ్లో లేడా?"

"ఉండాడు" అన్నాడు. "లోపలే ఉండాడు."

గుమాస్తా కలం ఆగిపోయింది. లేచి లోపలికి పోయి, చాలాసేపటికి తిరిగొచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే యార్డుకు ట్రంకాల్ వచ్చింది. పైలట్ సాబ్ భార్య సర్వర్ బేగం. హైదరాబాదులో ఒక బళ్లో తెలుగు చెప్పే టీచరమ్మ. ఆమె తెలుగు ముందు మాట్లాడాలంటే హయాత్ బాషాకు ఎప్పుడూ బెరుకే.

"ఆఫీసువాళ్ల టెలిగ్రాం అందింది భాయ్ సాబ్" అంది. గొంతు గట్టిగానే ఉంది. "ఇక్కడికి పంపవద్దు. అంతమందిని పెట్టెల్లో పంపించి వచ్చి అన్నం తినలేకపోయేవారు. నన్ను అలా పంపకండి, ఎక్కడ పోతే అక్కడే అని ముందే చెప్పారు. మట్టి ఇచ్చేశారా?"

"ఇస్తాండామమ్మా."

"ఇంకా ఇవ్వలేదా? నిన్న కదా పోయింది?"

"చిన్న కాగితం పనుండాదమ్మా. అయిపోతాది."

"తొందరగా చెయ్యండి. ఎదురుచూడడం ఆయనకు పడదు" అంది. ఫోను పెట్టేశాక హయాత్ బాషా బల్ల మీద తల పెట్టుకున్నాడు. మరునాడూ ఆమె ఫోను చేసింది. ఆ మరునాడూ చేసింది. అతను అదే మాట చెప్పాడు.

*

"సేటూ, నేను వొయ్యి జెప్త" అన్నాడు పోచన్న. షెడ్డులో అందరూ కూర్చుని ఉన్నారు. ఎవరూ పనికి లేవలేదు. "నా సాప మీదనే సచ్చిపోయిండని జెప్త. సారు ఆడ ఐసు పెట్టెల పండుకుంటె నాకు బువ్వ దిగుతలేదు."

"నువ్వొక్కనివి జెప్తె మేమందరం దొర్కుతం" అన్నాడు హన్మాండ్లు. "సారు మనల్ని ఒడ్డుకేసెతందుకే తిరిగిండు గద? మనం జైలుకు వోతె ఆయనకేం సుఖం?"

"నీకు నీ బిడ్డ లగ్గం ఫికరు."

"అవ్, ఉన్నది. నీకు లేదా ఇల్లు? సేటుకు లేదా దుకాణం? సేటుకు జెప్పు ముందుగాల. పికప్పు దానం జేసుడు అల్కగనే ఉంటది, దుకాణం దానం జేసుడు జూద్దం."

మిగతా ఇద్దరూ హయాత్ బాషా ముఖంలోకి చూశారు. అతనికి కోపం రావాలి. రాలేదు. మూడు రోజులుగా ఎటు తిప్పి చూసినా లెక్క కుదరడం లేదు. నిజం చెబితే మట్టి అవుతుంది, వీళ్లు పోతారు, యార్డు పోతుంది. చెప్పకపోతే అన్నీ ఉంటాయి, ఆయన అక్కడే ఉంటాడు. తుక్కు లారీలో కూడా ఏదో ఒకటి పనికొచ్చేది దొరుకుతుంది. ఇందులో అదీ లేదు.

"మీరు పోండప్పా" అన్నాడు చివరకు. "ధైద్ దిక్కు ఖర్జూరం తోటల్లో మనుషులు కావాలంటాండారు. నీళ్ల ట్యాంకరు డ్రైవరు నాకు బాకీ... నాకు తెలిసినోడు. దిగబెడతాడు. మీరు పోయినాక నేను పోయి చెప్తా. నా యార్డులో పోయినాడు, నేనొక్కణ్నే ఎత్తి కార్లో పెట్టినా అని చెప్తా."

"ఇగ పాస్పోర్టులు?" అన్నాడు హన్మాండ్లు.

"కల్బాకు నేనే పోతా."

"నీకిస్తడా?"

హయాత్ బాషా ట్యాంకరుకు కబురు పెట్టడానికి లేచాడు. నలుగురికీ అర్థమైంది. అర్థమైనా లేచి చాపలు చుట్టుకున్నారు. ఇంకేం చేస్తారు? ట్యాంకరు వచ్చింది. పోచన్న చివరగా ఎక్కుతూ, "సారుకు మట్టి వెట్టేది యెన్నడో కబురు వెట్టు సేటూ" అన్నాడు.

"వద్దు. నువ్వు ఆ దిక్కు రావద్దు. ఖలాస్."

"నా తమ్మునికి మట్టి వెయ్యలే. గా పెట్టె పైకి వొయ్యేది జూసిన, గంతే."

"పోచన్నా, నీకు దండం పెడతా, రావద్దు."

ట్యాంకరు మలుపు తిరిగాక హయాత్ బాషా బూట్లు ఒక సంచిలో వేసుకుని షుర్తా ఆఫీసుకు పోయి, బల్ల మీద పెట్టాడు. అనుకున్నట్టే చెప్పాడు.

అధికారి విని, బూట్లు చూసి, హయాత్ బాషా భుజాల వంక చూశాడు. "ఒక్కడివే ఎత్తావా? అంత పొడుగు మనిషిని?"

"ఎత్తినా సాబ్."

"ఎందుకు?"

"భయం."

"దేనికి?"

అధికారి ఇంకేం అడగకుండా జీపులో యార్డుకు వచ్చాడు. షెడ్డు ఊడ్చి శుభ్రంగా ఉంది. గోడకు వరసగా కొట్టిన మేకులు ఉన్నాయి, చాపలు ఆనిన చోట గోడకు నూనె మరకలు ఉన్నాయి. మూల బోర్లించిన అన్నం గిన్నె ఉంది. అధికారి ఆ గిన్నెను బూటుతో మెల్లగా తట్టాడు.

"నీకు ఆకలి బాగా ఎక్కువ సేట్" అన్నాడు.

హయాత్ బాషా వంగి గిన్నె తీసి పక్కన పెట్టాడు.

"రేపు మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత మట్టి ఇచ్చుకో. నీ సంగతి తర్వాత చూద్దాం. లైసెన్సు, పాస్‌పోర్టు నా దగ్గర పెట్టు." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నేనూ వస్తాను."

గౌరవంతో వస్తానన్నాడో, ఎవరెవరు వస్తారో చూడ్డానికి వస్తానన్నాడో హయాత్ బాషాకు అంతుపట్టలేదు. మనుషుల్ని చూడగానే వెల కట్టే చూపు ఆ రోజు పనిచెయ్యలేదు.

*

గోరీల దగ్గర నీడ లేదు. కార్గో ఆఫీసువాళ్లు, శవాల గది గుమాస్తా, నలుగురైదుగురు డ్రైవర్లు వచ్చారు. పైలట్ సాబ్ దయవల్ల గట్టెక్కినవాళ్లు ఈ చుట్టుపక్కల వందల్లో ఉన్నారు. సగం మంది పని వదిలి రాలేరు. మిగతా సగం కాగితాల్లేక రాలేరు. షుర్తా జీపు దారి పక్కనే నిలబడి ఉంది. అది చూసి రోడ్డు మీదనుంచే వెనక్కి తిరిగిపోయినవాళ్లూ ఉన్నారు. హయాత్ బాషా వాళ్ల వీపులు చూశాడు.

గుంటలోకి దింపారు. పలకలు పరిచారు. ఒక్కొక్కరూ వంగి మట్టి వేస్తున్నారు. అప్పుడు గోడ అవతలనుంచి, తువ్వాల తలకు చుట్టుకుని, దుమ్ము కొట్టుకుపోయిన కాళ్లతో పోచన్న వచ్చాడు. ధైద్‌నుంచి ఏ బండి పట్టుకున్నాడో, ఎంత నడిచాడో. కబురు ఎవరు చెప్పారో. హయాత్ బాషా పో, పో అని కళ్లతోనే అన్నాడు. పోచన్న అతని వైపు చూడనే లేదు.

గుమ్మం బయట విప్పినట్టు చెప్పులు దూరంగా విప్పాడు. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పిడికెడు మట్టి తీసి వేశాడు. మళ్లీ తీశాడు. అది వెయ్యకుండా చేతిలోనే పట్టుకుని, "సారూ" అన్నాడు. ఇంకేదో అనబోయి, అనలేక వేసేశాడు.

అధికారి మెల్లగా దగ్గరికి వచ్చాడు. పోచన్న లేచి నిలబడేదాకా ఆగాడు.

"బతాకా?"

పోచన్న చేతులు దులుపుకున్నాడు. అధికారి హయాత్ బాషా వైపు తిరిగాడు.

"సేట్, ఈ మనిషి నీ దగ్గరివాడా?"

అందరూ చూస్తున్నారు. అవునంటే యార్డు ఈ రోజే పోతుంది, తనూ ఆ జీపే ఎక్కాలి. కాదంటే... హయాత్ బాషా నోరు తెరిచాడు. ఏ మాట రాబోతోందో అతనికే తెలియదు.

"నహీ సాబ్" అన్నాడు పోచన్న. "ఈ సేటు నాకు ఎర్కలేదు. తొవ్వంట వోతున్న, మట్టి వెడ్తున్నరంటె ఒచ్చిన." ఆ మాటే మళ్లీ వచ్చీరాని హిందీలో చెప్పాడు. చెప్పి, ఎవరూ పట్టుకోకముందే జీపు వైపు నడిచాడు. మధ్యలో ఆగి వెనక్కి వచ్చి, విడిచిన చెప్పులు వేసుకుని మళ్లీ నడిచాడు.

హయాత్ బాషా నోరు ఇంకా తెరిచే ఉంది. జీపు తలుపు పడింది. అధికారి ఒక్క క్షణం ఇటు చూసి ముందు సీట్లో కూర్చున్నాడు. డ్రైవర్లలో ఒకడు పార అందుకుని గుంట పూడ్చడం మొదలుపెట్టాడు.

*

సాయంత్రం సర్వర్ బేగం ఫోను వచ్చింది.

"అయిపోయిందమ్మా" అన్నాడు హయాత్ బాషా.

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. తర్వాత, "ఎవరెవరు వచ్చారు?" అంది.

చెప్పాడు. ఆఫీసువాళ్లు, డ్రైవర్లు, ఆస్పత్రి గుమాస్తా, షుర్తా అధికారి కూడా అని చెప్పాడు.

"పోచన్న వచ్చాడా? ఉత్తరాల్లో ఎప్పుడూ అతని గురించే. తమ్ముణ్ని పోగొట్టుకున్న అబ్బాయి."

"వచ్చినాడమ్మా. మట్టి ఏసినాడు."

"మంచిది. నాకు అదే చాలు." అవతల కాగితం మడత విప్పిన చప్పుడు. "ఇవాళే ఆయన ఉత్తరం చేరింది. పోయినవారం రాసింది. కఫీల్ మెత్తబడుతున్నాడు, నలుగురి పాస్‌పోర్టులూ వచ్చేస్తాయి, రాగానే పోచన్నను మొదటి విమానం ఎక్కిస్తా అని రాశారు. వచ్చాయా భాయ్ సాబ్? అతను ఎప్పుడు బయలుదేరుతున్నాడు?"

హయాత్ బాషా తలుపు వైపు చూశాడు. యార్డులో కొత్తగా దిగిన లారీ ఒకటి, విప్పేవాళ్లు లేక అలాగే నిలబడి ఉంది.

"హలో? భాయ్ సాబ్, వినపడుతోందా?"

"వినపడతాండాదమ్మా" అన్నాడు. ఆ మాటే ఇంకోసారి అన్నాడు.